తువ్వాల అంచున పొక్కలు

మొన్న మా తమ్ముడు శంకర్ బస్సు దిగి వచ్చి, మంచినీళ్ళు కూడా తాగకుండా సంచిలోంచి ఒక గుడ్డ మూట తీసి నా ముందు పెట్టాడు. విప్పితే పిడికిట్లో ఇమిడే పిడి ఉన్న చెక్క ముద్ర. నల్లగా, బరువుగా ఉంది. దాన్ని చూసి అరవై ఏళ్ళు దాటింది. మా ఊరి నేత సంఘం పాత గోదాం కూలగొడుతుంటే అటక మీద దొరికిందట. ఇప్పుడు సంఘం వాళ్ళు బస్టాండు దగ్గర అద్దాల దుకాణం పెడుతున్నారు, గోడకు ఒక గాజు పెట్టె బిగించి అందులో ఈ ముద్రను పెడతారట, పక్కన మా నాన్న ఫోటో, మాకు బాపు. "అక్కా, నువ్వు రాసేదానివి గదా. బాపు ఎంత నికార్సయిన మనిషో నాలుగు మాటలు రాసియ్యి. కార్డు మీద అచ్చు కొట్టిస్తరు. ఎల్లుండికి గావాలె" అన్నాడు. వాడి కళ్ళు మెరుస్తున్నాయి. బాపు చేతిలో ఈ ముద్ర ఊరంతా చెల్లిన రోజుల్లో వాడు ఉయ్యాల్లో ఉన్నాడు. వాడికి తెలిసిన బాపు వేరు. నేను సరేనన్నట్టు తల ఊపి, అలవాటు కొద్దీ ముద్రను తిరగేసి చూశాను.

ఏ వస్తువు చేతికొచ్చినా ముందు తిరగేసి అడుగు చూడటం నా అలవాటు. పెళ్ళిళ్ళలో పెట్టే స్టీలు గిన్నె, మనవరాలి చెప్పులు, ఆఖరికి టీ కప్పు. ఒకసారి కొత్తగా పరిచయమైన వాళ్ళింట్లో టీ సగం ఉండగానే కప్పెత్తి కిందికి చూడబోయి చీరంతా పాడు చేసుకున్నాను. ఇది మా బాపు అంటించిన రోగం. నిజాం రాజ్యం పోయిన కొత్తలో ఎవరో పెద్దమనిషి హుస్నాబాద్ అంగట్లో నిలబడి, పరాయి దేశపు సరుకు కొన్నవాడు తన ఇంటి మగ్గాన్ని తానే విరగ్గొట్టుకున్నట్టని చెప్పాడట. బాపు ఆ రోజు నూలు కోసం వెళ్ళి ఆ మాట తెచ్చుకున్నాడు. ఆనాటి నుంచి మా గడప దాటి లోపలికి వచ్చే ప్రతి వస్తువు తన పుట్టిల్లు చెప్పుకోవాల్సిందే. లాంతరు అడుగు చూసేవాడు, తాళం కప్ప వెనక చూసేవాడు. నా నోటు బుక్కులు సిర్పూరు కాయితానివి, అవి నడిచాయి. పెన్ను పాళీ మీద ఏదో దేశం పేరుందని చాలా రోజులు నాతో రెల్లు పుల్లతోనే రాయించాడు. బడిలో అందరి అక్షరాలు సన్నగా ఉంటే నావి పిడకల్లా ఉండేవి.

ఆయనకు ఇంగ్లీషు రాదు. అయినా ఆ అక్షరాల రూపు గుర్తు పెట్టుకున్నాడు, అనుమానం వస్తే వస్తువును తువ్వాలలో చుట్టుకుని మా హెడ్మాస్టరు దగ్గరికి వెళ్ళి చదివించుకొచ్చేవాడు. నాకు ఆరేళ్ళప్పుడు మల్లేశం మామ, అంటే మేం అవ్వ అని పిలిచే అమ్మకు తమ్ముడు, కరీంనగర్ పోయి వస్తూ నాకొక బొమ్మ తెచ్చాడు. గులాబీ రంగు, చేతులు కాళ్ళు కదిలేవి, పడుకోబెడితే కళ్ళు మూసేది. రెండు రోజులు దాన్ని నా పక్కలోనే పడుకోబెట్టుకున్నాను. మూడో రోజు బాపు దాని వీపు చూశాడు. హెడ్మాస్టరు చదివి, మేడిన్ జపాన్ అని చెప్పాడట. బాపు కోప్పడలేదు. నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "బిడ్డా, ఎక్కడ పుట్టిందో మొగం మీద రాసి ఉండాలె. ఇది సూడు, వీపు మీద దాసుకున్నది. గిసుంటిదాన్ని నమ్మద్దు" అన్నాడు. నేనే నడిచి వెళ్ళి బొమ్మను మామకు తిరిగి ఇచ్చేశాను. ఏడవలేదు. బాపు మాట నిలబెట్టానన్న గర్వం నాకు బొమ్మ కంటే ఎక్కువైంది. అంత నమ్మకం మళ్ళీ ఎవరి మీదా పెట్టుకోలేదు నేను.

మా ఇల్లు ఇల్లులా ఉండేది కాదు, పని స్థలంలా ఉండేది. ముందు గదిలో రెండు గుంట మగ్గాలు. గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే మగవాడి తల నా నడుము దాకా వచ్చేది. తెల్లవారక ముందే అవ్వ గంజి కాచేది, దానిలో చెంచాడు నువ్వుల నూనె వేసేది, ఆ వాసనతోనే మాకు మెలకువ. పడుగు నూలును వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా సాగదీసి గంజి పెట్టి కుంచెతో దువ్వేవాళ్ళు. అది ఆరేదాకా బండ్లు ఆ వీధిలోకి వచ్చేవి కావు, వచ్చిన బండివాడు కూడా చుట్ట ముట్టించుకుని ఓపిగ్గా నిలబడేవాడు. అవ్వ పగలంతా రాట్నం ముందు కండెలు చుట్టేది. ఆమె కుడి బొటనవేలు నూలు ఒరుసుకుని ఒరుసుకుని గీత పడి ఉండేది. అన్నం కలిపేటప్పుడు పులుసు ఆ గీతలో మండి, ఆమె అప్పుడప్పుడు వేలు నోట్లో పెట్టుకునేది. నాకు నేతపని అంటే మొదట గుర్తుకొచ్చేది మగ్గం కాదు, అవ్వ నోట్లో వేలే.

బట్ట నేస్తుంటే అది నడుమకు ముడుచుకుపోతుంది. అట్లా కాకుండా సాపుగా నిలపడానికి ఒక కట్టె ఉంటుంది, దానికి రెండు కొసలా మూడేసి సూదులు. నేసిన బట్ట రెండు అంచులకూ వాటిని గుచ్చి అడ్డంగా బిగిస్తారు. జానెడు నేశాక తీసి, మళ్ళీ ముందుకు గుచ్చుతారు. మా ఇంట్లో దాన్ని సూదుల కట్టె అనేవాళ్ళం. అందుకే చేతి మగ్గం మీద నేసిన బట్టకు రెండంచుల వెంట జానెడుకొకచోట మూడు చిన్న చిన్న రంధ్రాలు, మా మాటలో పొక్కలు, పడతాయి. ఉతికితే కనిపించవు గానీ వేలికి తగులుతాయి. బాపు కళ్ళు మూసుకుని అంచును బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య జార్చుకుంటూ పోయేవాడు. పొక్కల నడుమ ఎడం ఒక్కొక్కరిది ఒక్కో తీరు. పొద్దున ఓపిక ఉన్నప్పుడు నేతగాడు కట్టెను తొందర తొందరగా జరుపుతాడు, అలసిపోతే మరో నాలుగు పోగులు పోనీలే అని బద్ధకిస్తాడు. "గిది ఎల్లయ్య నేత. గిక్కడ్నించి కల్లు తాగొచ్చి నేసిండు" అని బాపు అంటే పక్కనున్న ఎల్లయ్యే తల గోక్కునేవాడు.

ఆ వేళ్ళను చూసే సంఘం వాళ్ళు ముద్రను బాపు చేతికిచ్చారు. నిర్మల్ చెక్క పనివాడు చెక్కిన ముద్ర అది. పైన ఉర్దూలో ఒక వరుస, కింద తెలుగులో మా ఊరి పేరు, చేతి నేత అనే మాట. వారానికొకసారి సంఘం సభ్యులు తమ బట్టలు మోసుకొచ్చి మా అరుగు మీద కూర్చునేవాళ్ళు. బాపు ఒక్కొక్కటి జార్చి చూసి, సరే అనుకుంటే కొసకు ముద్ర వేసేవాడు. కరక్కాయలూ అన్నభేదీ నానబెట్టి చేసిన నల్ల సిరా. తుప్పు వాసన వచ్చేది. ఎన్ని ఉతుకులు ఉతికినా పోయేది కాదు. పని అయ్యాక ముద్రను తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి, గూట్లో పెట్టడం నా పని. అక్షరాల సందుల్లో ఇరుక్కున్న సిరాను చీపురు పుల్లతో తీసేదాన్ని. ధర్మపురి జాతరలో మా సంఘం దుకాణం ముందు ముసలమ్మలు చీర మడతలు చూసేవాళ్ళు కాదు, కొస విప్పి ముద్ర చూసేవాళ్ళు. చదువు రాకపోయినా ఆ నల్ల చదరం వాళ్ళకు చాలేది.

ఒకసారి మల్లేశం మామ ఎనిమిది ధోతులు తెచ్చాడు. అత్తకు పురుడు వచ్చి నెల కాలేదు, బిడ్డకు ఒంట్లో బాగుండలేదు, మామ మొహం పీక్కుపోయి ఉంది. బాపు ఆరు ధోతులు చూశాడు, ముద్ర వేశాడు. ఏడోదాని అంచు మీద ఆయన వేళ్ళు ఆగాయి. మళ్ళీ మొదటికి వచ్చి జార్చాడు. ఒక్క పొక్క తగల్లేదు. ఎనిమిదోదీ అంతే. అప్పుడప్పుడే మా ఊళ్ళో ఒకాయన కరెంటుతో నడిచే సాంచలు రెండు పెట్టాడు. మామ చేతకాక ఆ సాంచల మీద నేసిన ధోతులు రెండు తెచ్చి కలిపాడన్నమాట. అరుగు మీద పదిమంది ఉన్నారు. బాపు ఆ రెండు ధోతులు పక్కన పెట్టి, "మల్లేశం, గివి మగ్గం మీదియి కావు" అన్నాడు.

"రెండే గద బావా. ఇంట్ల పరిస్థితి నీకు ఎరుకే."

"ఒక్కటైనా గంతే. పేరు మనది, నేత ఇంకొకనిది అయితే మనకు మొగమేడిది?"

"జర నా మొగం కూడ సూడు బావా."

బాపు చూడలేదు. సంఘం నియమం ప్రకారం ఆ సంవత్సరం మామ బట్టలకు ముద్ర లేదన్నాడు. ముద్ర లేకపోతే బట్ట అమ్ముడుపోదు. గుమ్మం వెనక నిలబడి అవ్వ అంతా వింది. రెండు నెలల్లో మామ మగ్గం విప్పి అటకెక్కించి బొంబాయి మిల్లులోకి పోయాడు, అప్పట్లో మా వైపు నేతవాళ్ళు చాలామంది పోయినట్టే. పోయేరోజు మా ఇంటికి రాలేదు. అవ్వ బస్సు దగ్గరికి వెళ్ళి వచ్చింది. ఆ తర్వాత చాలా రోజులు ఆమె బాపుకు అన్నం పెట్టేది, నీళ్ళు పెట్టేది, మాట మాత్రం నా ద్వారా పంపేది. నేను మాత్రం బాపు పక్షం. సొంత బావమరిది అని కూడా మెత్తబడని మనిషి మా బాపు అని బడిలో చెప్పుకుని తిరిగాను.

నేను ఆరో తరగతిలో ఉండగా సంఘానికి సర్కారు నుంచి చేతి నేతకు ఒక పెద్ద ఆర్డరు వచ్చింది. తువ్వాలలు. ఎక్కడికో, ఎందుకో నాకు తెలీదు. ఎండాకాలం వచ్చింది గానీ రావాల్సిన నూలు రాలేదు. ఒకరోజు సంఘం సెక్రటరీ మా ఇంటికి వచ్చి, గుంటలో కూర్చున్న బాపు పక్కన గొంతుక్కూర్చుని చాలాసేపు మాట్లాడాడు. "ఫికర్ చెయ్యకు నర్సయ్యా, ఒక్కపారే. ఆర్డరు పోయిందంటే సంఘం మూతపడుతది, నలభై మగ్గాలు పండుకుంటయ్" అన్న మాట నాకు వినబడింది. బాపు, పోగు నడిపే నాడె చేతిలో పట్టుకుని అట్లాగే కూర్చున్నాడు. మర్నాడు బండి మీద గోనె మూటలు వచ్చి మా వెనక గదిలో దిగాయి.

మూటల నిండా తెల్ల తువ్వాలలు, కొసలకు ఎర్ర గీతలు, రెండు లావువి, నడుమ ఒక సన్నది. బాపు మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పాడు, ఇవి పక్క ఊరి నేతవాళ్ళవనీ, వాళ్ళకు మంచి సూదుల కట్టె లేక అంచులు వదులయ్యాయనీ, మనం పొక్కలు పొడిచి గంజి పెడితే బిగుస్తాయనీ. పాత సూదుల కట్టెను రెండు ముక్కలు కోసి అవ్వకొకటీ నాకొకటీ ఇచ్చాడు. నేను నమ్మాను. నేతగాడి బిడ్డను, పదకొండేళ్ళదాన్ని, పొక్కలు పొడిస్తే బట్ట బిగుస్తుందంటే నమ్మాను. బాపు చెప్పాడు కాబట్టి నమ్మాను. బడికి సెలవులు. పొద్దున చద్దన్నం తిని కూర్చుంటే ఎండ వాకిట్లోంచి గడప మీదికి ఎక్కేదాకా అదే పని. తువ్వాల ఒళ్ళో పరుచుకోవడం, జానెడు కొలుచుకోవడం, గుచ్చడం. స్కేలుతో గీసినట్టు పొడిచేదాన్ని. నా తువ్వాలలు అవ్వ తువ్వాలల కంటే చక్కగా ఉన్నాయని మురిసిపోయి బాపుకు చూపించాను.

ఆయన అంచు జార్చి చూశాడు. తువ్వాల తిరిగి నా ఒళ్ళో పరిచాడు. "గింత సక్కగ వద్దు బిడ్డా. జర ఎడమెడమ పొడువు. గిక్కడ దగ్గర, గిక్కడ జర దూరం. పొద్దుమీకినట్టు" అన్నాడు.

పొద్దుమీకినట్టు, అంటే సాయంత్రమైనట్టు, పొడవడమేమిటో నాకు అర్థం కాలేదు. అయినా బాపు పక్కన కూర్చుని నా వేళ్ళ మీద తన వేళ్ళు పెట్టి నేర్పాడు. నాలుగు దగ్గరగా, ఒకటి ఎడంగా, రెండు దగ్గరగా, తర్వాత బాగా ఎడంగా. నేను నేర్చుకున్నాను. మెచ్చుకున్నాడు కూడా. పది రోజులు పట్టింది అన్నీ అవ్వడానికి. ఒక్కొక్కటి అయ్యాక బాపు ముద్ర వేశాడు, నేను సాయంత్రం దాన్ని తుడిచి గూట్లో పెట్టాను. ఆ పది రోజులూ అవ్వ తల ఎత్తలేదు. వేళ్ళు నొప్పి అనుకున్నాను. మిగిలిన తువ్వాలలు నాలుగో అయిదో మా ఇంట్లోనే ఉండిపోయాయి.

మరుసటి ఏడు అమ్మమ్మకు జబ్బు చేసిందని మల్లేశం మామ బొంబాయి నుంచి వచ్చాడు. ముందు మా ఇంటికే వచ్చాడు. గుమ్మంలో మామను చూసి అవ్వ గబగబా చెంబుతో నీళ్ళిచ్చింది. మామ బాగా చిక్కిపోయాడు, దగ్గుతున్నాడు, అయినా చేతి గడియారం పెట్టుకుని నవ్వుతూనే ఉన్నాడు. బాపు ముందు గదిలో మగ్గం గుంటలో ఉన్నాడు, కాళ్ళు కడుక్కుంటున్న మామను చూసి, "ఎప్పుడొచ్చినవ్ మల్లేశం" అన్నాడు. "గిప్పుడే బావా" అన్నాడు మామ. అంతా మామూలుగా అయిపోతుందనుకున్నాను. అవ్వ లోపలికి వెళ్ళి తువ్వాల తెచ్చి మామ చేతికిచ్చింది.

మామ మొహం తుడుచుకున్నాడు. చేతులు తుడుచుకున్నాడు. తర్వాత ఎర్ర గీతల మీద ఆయన చూపు ఆగింది. కొస తిప్పి నల్ల ముద్ర చూశాడు. అంచును రెండు వేళ్ళ మధ్య పెట్టుకుని జార్చాడు, అచ్చం బాపు లాగే. ఆయన మొహంలో ఏదో అర్థం కాని అయోమయం కనిపించింది. నేను ఉండబట్టలేకపోయాను. నా పనితనం మామకు తెలియాలనిపించింది.

"మామా, గా పొక్కలు నేను పొడిసినయే. బాపు నేర్పిండు" అన్నాను.

మగ్గం చప్పుడు ఆగిపోయింది. మామ నన్ను చూశాడు, అవ్వను చూశాడు, చివరికి గుంటలో నడుము దాకా దిగి కూర్చున్న బాపును చూశాడు. బాపు కిందుగా ఉన్నాడు కాబట్టి మామ తల వంచి చూడాల్సి వచ్చింది.

"బావా, గీ ఎర్ర గీతల తువ్వాల మా మిల్లుదే. రోజు నా సాంచ మీద నడుస్తది. నేను నేసిందో, నా పక్కోడు నేసిండో" అన్నాడు.

బాపు తెగిన పోగు వెతుకుతున్నట్టు మగ్గం మీదికి వంగాడు.

"నా రెండు ధోతులకు ముద్ర ఎయ్యకపోతివి. మొదల కోపమొచ్చింది. తర్వాత మంచిగనే చేసిండనుకున్న. మూడేండ్ల సంది మేముండే చాల్ల గదులల్ల అందరికి గదే చెప్తున్న. మా బావ ముద్ర గట్లాంటిది, ఇంటి మనిషని సూడడు అని." మామ తువ్వాలను నాలుగు మడతలు పెట్టాడు. "చిన్న పిల్లతోని చేయించినవా బావా?"

ఆ మాటతో నాకు అర్థమైంది. పక్క ఊరు లేదు, వదులైన అంచులు లేవు. పొద్దుమీకినట్టు అంటే అలసిపోయిన నేతగాడి చేతిలాగా అని. లేని నేతగాడి అలసటను నా చేత పొడిపించాడు బాపు. అదీ నా వేళ్ళు పట్టుకుని, ప్రేమగా. మామ తువ్వాల దండెం మీద వేసి, అవ్వకు చెప్పి, అమ్మమ్మను చూడటానికి వెళ్ళిపోయాడు. కాసేపటికి మగ్గం మళ్ళీ మొదలైంది. నేను బాపు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఏదో ఒకటి చెప్తాడనుకున్నాను. తప్పయింది అనకపోయినా, ఎందుకు చేయాల్సి వచ్చిందో చెప్తాడనుకున్నాను. ఆయన నాడె ఆపకుండానే, "పెద్దోళ్ళు మాట్లాడుతుంటే నడుమ పిల్లలు మాట్లాడద్దు" అన్నాడు. అంతే. ఆయన బతికినంత కాలం ఆ విషయం మీద నాతో అన్న మాట అదొక్కటే.

ఆ వారం సభ్యులు బట్టలు తెచ్చారు, అరుగు మీద కూర్చున్నారు, బాపు కళ్ళు మూసుకుని అంచులు జార్చాడు, ఒకతన్ని బట్ట సరిగ్గా లేదని వెనక్కి పంపాడు కూడా. నేను గుమ్మంలో నిలబడి ఆయన మొహమే చూశాను. ఎక్కడా తడబాటు లేదు. పని అయ్యాక ముద్రను ఎప్పటిలాగే నా వైపు చాపాడు. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. ఆయన కొద్దిసేపు అట్లాగే పట్టుకుని, తర్వాత తనే లేచి వెళ్ళి తుడుచుకున్నాడు. మళ్ళీ ఎప్పుడూ నాకు ఇవ్వలేదు, నేనూ అడగలేదు. ఆ తర్వాత కొన్నాళ్ళకు బడిలో ఇనుప పాళీ పెన్ను కొనుక్కున్నాను. దాని మీద ఏ దేశం పేరుందో నాకు చదవడం వచ్చు. ఆయన ముందే పెట్టుకుని రాశాను. ఆయన చూసి ఊరుకున్నాడు.

ఒక మాట ఒప్పుకోవాలి. ఆ తువ్వాలలు పోకపోతే సంఘం నిజంగానే మూతపడేదేమో. నలభై ఇళ్ళలో గంజి కాగేది కాదేమో, నా చదువూ ఆగేదేమో. బాపుకు వేరే దారి లేదనే వాదన నేనే చాలాసార్లు నాకు చెప్పుకున్నాను. ఉద్యోగానికి వచ్చాక, పిల్లలు పుట్టాక, నేనూ అవసరం కొద్దీ చిన్నా పెద్దా అబద్ధాలు ఆడాక కూడా చెప్పుకున్నాను. అయినా ఆ వాదన నాకు సరిపోలేదు. కష్టం ఇదీ అని చెప్పి, బిడ్డా పొడుస్తవా అని అడిగితే ఏడ్చుకుంటూనైనా పొడిచేదాన్ని. అడగలేదు. నా నమ్మకాన్ని సూదుల కట్టెలాగా వాడుకున్నాడు. ఆరేళ్ళ పిల్ల చేత బొమ్మను వాపసు ఇప్పించిన మనిషి.

అవ్వ చివరి రోజుల్లో కొంతకాలం బెల్లంపల్లిలో నా దగ్గర ఉంది. నేను గనుల కాలనీ బడిలో పంతులమ్మను. ఒక మధ్యాహ్నం బొగ్గు దుమ్ము పడకుండా తువ్వాలలు లోపలికి తెస్తుంటే పాత సంగతి గుర్తొచ్చి అడిగాను, ఆ తువ్వాలలు మిల్లువని నీకు ఎప్పుడు తెలిసింది అని.

"మొదటిది ఒళ్ళె పెట్టుకున్ననాడే. నేసేటోని పెండ్లాన్ని, నాకు తెల్వదా" అన్నది.

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే నువ్వు పొడుస్తుంటివా? నువ్వు పొడవకుంటే అన్నీ నేనే పొడవాలె."

ఎంత మామూలుగా చెప్పిందో. నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. ఆమె కాసేపు తన బొటనవేలి గీతను రుద్దుకుంటూ కూర్చుని, నేను అడగకుండానే ఇంకో మాట అన్నది. "ఆనాడు దండెం మీద వేరే తువ్వాలలు నాలుగు ఉండె బిడ్డా."

నాకు వెంటనే తట్టలేదు. తట్టాక, చేతిలోని బట్టలు మంచం మీద పడేసి ఆమె ఎదురుగా కూర్చున్నాను. దండెం మీద ఉన్నవి వదిలేసి, లోపలికి వెళ్ళి, పెట్టెలోంచి తీసి, మామకు ఆ తువ్వాలే ఇచ్చింది. మిల్లులో పనిచేసే మామ మిల్లు బట్టను గుర్తుపడతాడని ఆమెకు తెలుసు. "నేను నోరు తెరుస్తనని కూడ తెలుసా అవ్వా?" అని అడిగాను.

"నువ్వు ఊకుంటవా? నీ నోరు నాకు తెల్వదా" అన్నది. తమ్ముణ్ణి పోగొట్టుకున్నందుకు ఏళ్ళ తరబడి దాచుకున్న కోపాన్ని ఆమె నా నోటితో తీర్చుకుంది. బాపు నా వేళ్ళను వాడుకున్నాడు, అవ్వ నా నోటిని వాడుకుంది. ఇద్దరూ నన్ను ప్రేమించినవాళ్ళే. ఆ రాత్రి వంట చేయలేదు నేను, పిల్లలకు అటుకులు పెట్టాను.

ఇప్పుడు దుకాణాల్లో ప్రతి బట్టకూ చీటీ వేలాడుతుంది. చేతి నేత అని బొమ్మ, ఫలానా దేశంలో తయారైందని అక్షరాలు. మనవరాలు ఫోనులో వస్తువు కొంటూ ఏ దేశానిదో కింద చదివి వినిపిస్తుంది, మన దేశానిదైతే నానమ్మ సంతోషిస్తుందని. సంతోషిస్తాను, పాత అలవాటు. కానీ చీర ఇంటికి వచ్చాక చీటీ వదిలేసి అంచు జార్చి చూస్తాను. పోయిన పండక్కి వచ్చిన చీరకు పొక్కలు బాగానే ఉన్నాయి, మొదటి నుంచి చివరి దాకా ఒకే ఎడంలో. పొద్దుమీకినట్టు పొడవమని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు కాబోలు. మనవరాలు బాగుందా అని అడిగితే బాగుందన్నాను.

శంకర్ రెండు రోజులుగా నా దగ్గరే ఉన్నాడు. నేను రాస్తుంటే పక్క గదిలో టీవీ చూస్తూ, మధ్య మధ్య వచ్చి, "నాలుగు మాటలకు గింత సేపా అక్కా" అంటూ పోతున్నాడు. వాడికి చెప్పకుండా ఊరుకోవచ్చు. వాడి బాపు నికార్సుగా గాజు పెట్టెలో ఉంటాడు, ఊరు దండం పెట్టుకుంటుంది, ఎవరికీ నష్టం లేదు. బాపు కూడా సరిగ్గా అట్లాగే అనుకుని ఉంటాడు మూటలు దిగిన రోజున. బొంబాయికి తిరిగి పోయాక మల్లేశం మామ రెండేళ్ళు కూడా బతకలేదు. తన బావ ముద్ర గురించి చాల్‌లో మళ్ళీ ఏమని చెప్పాడో నాకు తెలీదు.

ఇందాక ముద్రను మళ్ళీ చేతిలోకి తీసుకుని చూశాను. చేతి నేత అనే అక్షరాల సందుల్లో సిరా గట్టిపడి ఉంది. ఎవరూ పుల్లతో తీయలేదు. నేను మానేసిన తర్వాత ఎవరూ తీయలేదు. చీపురు పుల్ల తెచ్చుకుని గీకి, తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి, గుడ్డలో చుట్టి శంకర్ సంచిలో పెట్టాను. దాని పక్కన ఈ కాగితాలు పెట్టాను. వస్తువు ఎక్కడ పుట్టిందో మొగం మీద రాసి ఉండాలని చెప్పింది బాపే. ఆయన గురించి నాలుగు మాటలు ఇవే, గోడకు పెట్టుకుంటారో లేదో వాళ్ళ ఇష్టం.